పాత స్పోర్ట్స్ కారు, మీటర్ బోర్డులో నాలుగు లైట్లు: అనంతపురంలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో తొమ్మిదేళ్లుగా ఒక శాన్ స్టార్మ్ నడుపుతున్నాను. రెండే తలుపులు, పైన టాపు తీసేయొచ్చు. పెట్రోలు బంకులో, టీ కొట్టు దగ్గర, సప్తగిరి సర్కిల్లో బండి ఆగితే చాలు, ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒకటి అడుగుతారు. ఈమధ్య పాత కారు కొనాలని ఫోన్ చేసే కుర్రవాళ్లు కూడా ఎక్కువయ్యారు. అందరూ తిరిగి తిరిగి అడిగేది ఒకటే: "అన్నా, ఇందులో ఒక్క సెన్సరూ లేదు కదా, నీకు భయం కాదా?" భయమే. ఆ భయాన్ని ఏ పనికి వాడుకోవాలో తెలియడానికి నాకు ఒక ఇంజిన్ ఖర్చయింది. మీకు కాకూడదని ఇది రాస్తున్నాను.

ఇదేం కారు? ఫారిన్‌దా?

కాదు, మన దేశందే. శాన్ మోటార్స్ వాళ్లు 1990ల చివర్లో గోవాలో తయారుచేశారు. బాడీ ఫైబర్. ఇంజిన్ రెనో వాళ్ల 1149 సీసీ పెట్రోలు ఇంజిన్, సుమారు 60 హార్స్‌పవర్. ఈ రోజు మామూలు చిన్న కార్లకే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. కానీ సీటు నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి అరవైలో పోతున్నా తొంభైలో పోతున్నట్టు అనిపిస్తుంది. నాకు అది చాలు.

కింద రాసినవి ఈ ఒక్క కారుకే కాదు. మన వైపు ఇంకా తిరుగుతున్న పాలియో 1.6, పాత హోండా సిటీ వీటెక్, లాన్సర్ లాంటి బండ్లు ప్రేమగా ఉంచుకున్నవాళ్లకూ దాదాపు అన్నీ వర్తిస్తాయి.

ఎలక్ట్రానిక్ హెచ్చరికలు లేవంటే ఏవేవి లేనట్టు?

ఈ తేదీలు గుర్తుంటే లెక్క సులువు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు లాక్ కాకుండా చూసేది) తప్పనిసరి అయింది. అదే ఏడాది జులై 1 నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు పెట్టుకోకపోతే మోగే అలారం, 80 దాటితే అప్పుడప్పుడూ 120 దాటితే ఆగకుండా మోగే స్పీడు అలర్ట్, వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందు బండ్లలో ఇవి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నా బండికి కంపెనీ నుంచి ఇవేవీ రాలేదు. టైర్లో గాలి తగ్గితే చెప్పదు. తలుపు సరిగ్గా పడకపోయినా చెప్పదు. హెడ్‌లైట్లు ఆర్పకుండా దిగిపోతే పొద్దున బ్యాటరీ డౌన్ అయ్యాకే తెలుస్తుంది.

మరి లోపల ఏదైనా పాడైతే ఎట్లా తెలుస్తుంది?

మీటర్ బోర్డులో ఉన్న కొద్దిపాటి లైట్లను నమ్మాలి. నమ్మే ముందు అవి పనిచేస్తున్నాయో లేదో చూసుకోవాలి. తాళం ఒక మెట్టు తిప్పి, సెల్ఫ్ కొట్టకుండా రెండు సెకన్లు ఆగండి. ఆయిల్ లైటు, బ్యాటరీ లైటు వెలగాలి, హ్యాండ్ బ్రేక్ వేసి ఉంటే బ్రేకు లైటూ వెలగాలి. ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆయిల్, బ్యాటరీ లైట్లు ఆరిపోవాలి. ఆరిపోయాయా లేదా అని అందరూ చూస్తారు. ముందు అసలు వెలిగాయా అని చూసేవాళ్లు చాలా తక్కువ. బల్బు మాడిపోయి ఉంటే ఆయిల్ ప్రెషర్ పూర్తిగా పడిపోయినా బోర్డు ప్రశాంతంగానే ఉంటుంది. అమ్మకానికి పెట్టినవాళ్లలో కొందరు లోపం కనపడకుండా ఆ బల్బే పీకేస్తారు. అందుకే ఈ రెండు సెకన్లు నేను రోజూ తప్పకుండా ఆగుతాను.

ఫైబర్ బాడీ కార్లకు ఇంకో సంగతి ఉంది. రేకు బాడీ అయితే బాడీయే ఎర్త్ వైరులా పనిచేస్తుంది. ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి ప్రతి లైటుకూ మీటరుకూ విడిగా ఎర్త్ వైరు ఉంటుంది. పాతికేళ్లకు ఆ వైర్ల చివర్లు పచ్చగా చిలుము పడతాయి. హెడ్‌లైటు వేయగానే టెంపరేచర్ ముల్లు కదిలిందంటే అది ఇంజిన్ వేడి కాదు, ఎర్త్ లూజు. ఇండికేటర్ వేస్తే పెట్రోల్ ముల్లు ఊగినా అదే కారణం. ఉప్పు కాగితంతో రుద్ది, కొత్త లగ్గు వేసి బిగిస్తే సగం "ఎలక్ట్రికల్ ప్రాబ్లమ్స్" పోతాయి. మీటరే అబద్ధం చెప్తుంటే మిగతావన్నీ చూసి లాభం లేదు, కాబట్టి బండి కొన్నవాళ్లు మొదట చేయించాల్సిన పని ఇదే.

మన ఎండలకు ఇంజిన్ హీటెక్కదా?

దీనికి కొంచెం పెద్ద జవాబే చెప్పాలి.

టెంపరేచర్ ముల్లు రోజూ ఎక్కడ నిలబడుతుందో కళ్లు మూసుకున్నా చెప్పగలిగేంతగా గుర్తుండాలి. నా బండిలో సగానికి ఒక వెంట్రుకవాసి కింద. ఆరేళ్ల కిందట మే నెలలో, మధ్యాహ్నం రెండు గంటల ఎండలో కళ్యాణదుర్గం నుంచి వస్తున్నాను. ముల్లు మెల్లగా ముప్పావు దాకా లేచింది. ఊరు దగ్గరే కదా, పోయాక చూద్దాం అనుకున్నాను. ఇంకో రెండు కిలోమీటర్లకు ముల్లు టక్కున కిందికి పడిపోయింది. హమ్మయ్య, చల్లబడింది అనుకున్నాను. నా తప్పంతా ఆ "హమ్మయ్య"లోనే ఉంది. ముల్లుకు కబురు చెప్పే సెన్సర్ కూలెంట్‌లో, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవంలో, మునిగి ఉండాలి. కూలెంట్ మొత్తం కారిపోతే అది గాలిలో ఉండిపోయి తక్కువ వేడి చూపిస్తుంది. అంటే ముల్లు కిందికి పడినప్పుడే ఇంజిన్ నిజంగా కాలిపోతోంది. కాసేపటికి లోపలికి బెల్లం పాకం కాస్తున్నట్టు తియ్యటి వాసన వచ్చింది, పికప్ పోయింది. చింతచెట్టు కింద ఆపాను.

బానెట్ ఎత్తితే కింది హోస్ పైపు నిలువునా చీలి ఉంది. ఆ పైపు గట్టిపడిందని నాకు రెండు నెలల ముందే తెలుసు. వచ్చే నెల మారుద్దాంలే అని వాయిదా వేశాను. దగ్గర్లో రాయి కొట్టే పని చేస్తున్న పెద్దాయన క్యానుతో నీళ్లు తెచ్చాడు. నేను ఆత్రంగా రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతే పట్టుకుని ఆపాడు. "ఉండు సామీ, కాలిన బండకి సన్నీళ్లు తగిల్తే పగులుతాది. నాకు తెల్సు, నా పనే అది" అన్నాడు. ఆ మాట వినకపోయి ఉంటే ఇంజిన్ బ్లాకు కూడా పోయేదేమో, నా మొహం కూడా కాలేది. వేడి మీద ఆ మూత తీస్తే ప్రెషర్‌లో ఉన్న కూలెంట్ ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతుంది. అయినా నష్టం అప్పటికే జరిగింది. ఇంజిన్ పై భాగం, అంటే హెడ్, వంకర పోయింది, దాని కింద ఉండే గ్యాస్కెట్ పోయింది. హెడ్ ఫేసింగ్ చేయించి, అంటే దాని అడుగు చదును చేయించి, మళ్లీ ఎక్కించేసరికి బండి మూడు వారాలు షెడ్డులో ఉంది.

ఆ రోజు నుంచి పాటిస్తున్నవి చెప్తాను. ముల్లు తన చోటు నుంచి పైకి పోయినా కిందికి పోయినా ఆపాల్సిందే. పైకి పోతుంటే ఏసీ కట్ చేసి, హీటర్ ఫుల్లుగా పెట్టి, అద్దాలు దించి, దగ్గర్లో సురక్షితమైన చోట ఆపుతాను. మే నెలలో హీటర్ అంటే నరకమే. కానీ ఇంజిన్లో వేడిని బయటికి లాగడానికి అది చిన్న రేడియేటర్‌లాగా పనికొస్తుంది. ఆపాక కనీసం ముప్పావు గంట మూత ముట్టను.

కూలెంట్ విషయంలో మన నీళ్ల గురించి కూడా చెప్పాలి. అనంతపురం బోరు నీళ్లు గట్టి నీళ్లు. బిందె అడుగున తెల్లగా పేరుకునే పొరే రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ పేరుకుంటుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయండి. దారిలో తప్పక బోరు నీళ్లు పోయాల్సి వస్తే పోయండి, కానీ ఇంటికి రాగానే తీసేయించండి. హోస్ పైపులు నెలకోసారి చల్లగా ఉన్నప్పుడు వేళ్లతో నొక్కి చూడండి. క్లిప్పు దగ్గర కట్టెలా గట్టిపడినా, మగ్గిన అరటిపండులా మెత్తబడినా మార్చే సమయం వచ్చినట్టే.

ఆయిల్ లైటు వెలిగితే మెల్లగా షెడ్డు దాకా పోవచ్చా?

పోకూడదు. వంద మీటర్లు కూడా వద్దు. ఆ లైటు ఆయిల్ కాస్త తగ్గిందని చెప్పేది కాదు, ఇంజిన్లో ఆయిల్ ప్రెషర్ దాదాపు లేదని చెప్పేది. పక్కకు తీసి వెంటనే ఇంజిన్ కట్టేయండి. కొత్త కార్లలో "సర్వీస్‌కు వెళ్లండి" అనే పసుపు లైటుకు అలవాటు పడినవాళ్లు దీన్నీ అట్లాంటిదే అనుకుని నడిపేస్తారు. ఎర్ర లైటు వేరు.

బ్యాటరీ లైటు నడుస్తుండగా వెలిగితే డైనమో ఛార్జ్ చేయడం లేదని అర్థం. చాలాసార్లు బెల్టు తెగి ఉంటుంది. కొన్ని ఇంజిన్లలో అదే బెల్టు వాటర్ పంపునూ తిప్పుతుంది. కాబట్టి వెంటనే టెంపరేచర్ ముల్లు చూడండి, ఆపి బానెట్ ఎత్తండి.

చప్పుడు, వాసన బట్టి కనుక్కుంటారంట, నిజమేనా?

నిజమే, ఇందులో మాయేమీ లేదు. వారానికి ఒకసారైనా పాటలు ఆపి, అద్దాలు దించి, పక్కన ప్రహరీ గోడ ఉన్న సందులో మెల్లగా నడపండి. గోడకు తగిలి తిరిగొచ్చే చప్పుడులో అన్నీ వినిపిస్తాయి. సన్నగా "కీ" అని, బ్రేకు తొక్కగానే మారిపోతే బ్రేకు ప్యాడ్లు చివరికొచ్చాయి. చాలా ప్యాడ్లకు అరిగినప్పుడు డిస్కుకు తగిలి కీచుమనేలా చిన్న రేకు ముక్క పెట్టి ఉంటుంది, సెన్సర్ లేని కాలపు సెన్సర్ అదే. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు టకటకమంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు. స్పీడుతో పాటు పెరిగే హోరు, మలుపులో ఒక వైపుకు తిరిగినప్పుడు ఎక్కువై ఇంకో వైపు తగ్గితే వీల్ బేరింగ్. పొద్దున స్టార్ట్ చేయగానే కుయ్యిమని అరిస్తే బెల్టు వదులు.

వాసనల్లో తియ్యగా ఉంటే కూలెంట్. గోళ్లు కాలినట్టుంటే క్లచ్ ప్లేటు. పెట్రోలు వాసన వస్తే మాత్రం ఇంకేమీ ఆలోచించకండి, బండి ఆపి దిగండి. ఫైబర్ బాడీకి నిప్పు అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం. సీటు కింద చెయ్యి అందేచోట చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకోండి. డిక్కీలో పెడితే అవసరానికి అందదు.

కాసేపు నడిపి ఆగాక నాలుగు చక్రాల దగ్గర, తాకకుండా, అరచెయ్యి పెట్టి చూడండి. ఒక చక్రం మాత్రమే ఎక్కువ వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది. ఇది నాకు మా షెడ్డు భాయ్ నేర్పాడు. ముప్పై ఏళ్లుగా ఆయన చేతులే ఆయనకు స్కానర్.

ఏబీఎస్ లేకుండా హైవే మీద బ్రేకు ఎట్లా?

ముందు లెక్క చూడండి. 80 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు 22 మీటర్లు పోతుంది. మీరు చూసి, మెదడుకు ఎక్కి, కాలు బ్రేకు మీద పడేలోపే ఆ 22 మీటర్లు అయిపోతాయి. తొక్కడం ఆ తరవాత సంగతి. కాబట్టి అసలు బ్రేకు ఎడమే. ముందు బండి ఒక స్తంభం దాటాక, మీరు అదే స్తంభం చేరేసరికి కనీసం మూడు సెకన్లు పట్టాలి. వానలో ఐదు. 44వ నంబరు హైవే మీద, మనం ఇంకా ఏడో నంబరు హైవే అని పిలిచే ఆ రోడ్డు మీద, అంత ఎడం వదిలితే ఎవరో ఒకరు మధ్యలో దూరతారు. దూరనీయండి. మళ్లీ వెనక్కి తగ్గండి.

గట్టిగా తొక్కితే చక్రాలు లాక్ అవుతాయి. లాక్ అయిన చక్రం జారుతుందే తప్ప తిరగదు, అప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పినా బండి నేరుగానే పోతుంది. జారుతున్నప్పుడు కాలు కొంచెం వదలాలి, చక్రం మళ్లీ పట్టు దొరకబుచ్చుకున్నాక తొక్కాలి. రాయడానికి తేలికే, కానీ భయంలో కాలు పైకి లేవదు. అందుకే ఎవరూ లేని పెద్ద మైదానంలో, తెలిసినవాళ్లను పక్కన పెట్టుకుని, నలభైలో లాక్ చేసి వదలడం ఇరవై ముప్పైసార్లు అభ్యాసం చేయండి. ఏడాదికోసారి ఇప్పటికీ నేను చేస్తాను.

మొదటి వానకు మాత్రం ఇంత నేర్పూ చాలదు. మన జిల్లాలో ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల చుట్టూ. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, డీజిల్, టైరు రబ్బరు మొదటి జల్లుకు బురద నూనెలా తేలుతాయి. మొదటి అరగంట బండి పక్కకు తీసి టీ తాగండి. నాకు తెలిసి ఇంతకన్నా మంచి సలహా లేదు.

ఘాట్ రోడ్ల గురించి కడప వైపు స్నేహితులు ఎక్కువ అడుగుతారు. రాయచోటి నుంచి కడపకు వస్తూ గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి, న్యూట్రల్ అసలు వద్దు. అదే పనిగా బ్రేకు మీద కాలు పెట్టి దిగితే బ్రేకు ఆయిల్ మరుగుతుంది. బ్రేకు ఆయిల్‌కు గాలిలో తేమ పీల్చుకునే గుణం ఉంది, పాతబడేకొద్దీ తొందరగా మరుగుతుంది, అందులో ఆవిరి బుడగలు పుట్టి పెడల్ ఉన్నట్టుండి నేలకు దిగిపోతుంది. దీనికి ఏ లైటూ వెలగదు. రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్పించడం ఒక్కటే మార్గం. పైన కోవా కొట్టు దగ్గర ఓ పది నిమిషాలు ఆగండి, దిగే ముందు బ్రేకులూ చల్లబడతాయి.

టైర్లు బాగానే కనిపిస్తున్నాయి, ఎందుకు మార్చాలి?

ఇట్లాంటి బండి తక్కువ తిరుగుతుంది కాబట్టి టైరు అరగదు, ముసలిదవుతుంది. టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే వరుస చివర్లో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. నేను ఆరేళ్లు దాటనివ్వను, ఎంత నల్లగా మెరుస్తున్నా సరే. స్టెప్నీ తేదీ కూడా చూడండి, కొన్నిట్లో స్టెప్నీ బండి వయసుదే ఉంటుంది.

గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూసుకోవాలి. ఎండకు కాలిన టైరులో చూస్తే ఎక్కువ చూపిస్తుంది, మీరు తగ్గిస్తారు, రాత్రికి అది తక్కువైపోతుంది. సొంతంగా ఒక గేజ్ కొనుక్కోండి.

రాత్రి పూట నడపొచ్చా?

ఊళ్లో నడపొచ్చు. హైవే మీద నేను మానేశాను. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు, రోడ్డు సగం దాకా ఆరబోసిన శెనక్కాయలు, వాటికి కాపుగా పెట్టిన రాళ్లు, పక్కనే పడుకున్న మనుషులు, గొర్రెల మందలు. పాత హెడ్‌లైటు వెలుగులో ఇవి కనిపించేసరికి ఆలస్యమవుతుంది. నా సీటు అసలే కింద, ఎదురుగా వచ్చే లారీ లైటు సూటిగా కళ్లలో పడుతుంది. తప్పదంటే హెడ్‌లైట్లకు రిలే (బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందించే స్విచ్చు) వేయించి, వాటి అద్దాలు పాలిష్ చేయించి, అరవై దాటకుండా పోండి.

ఈ20 పెట్రోలు పోస్తే ఏమవుతుంది?

2025కల్లా దేశమంతా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే వస్తోంది. ఆ కాలం బండ్ల రబ్బరు పైపులు, సీళ్లు దానికోసం చేసినవి కావు. మెల్లగా ఉబ్బి, పగుళ్లిస్తాయి. ఇథనాల్‌కు కూడా తేమ పీల్చే గుణం ఉంది కాబట్టి నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉంచకూడదు. ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా ఉన్న పెట్రోలు పైపులన్నీ ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించండి. ఫైబర్ బాడీలో పెట్రోలు కారడం అంటే ఏమిటో పైనే చెప్పాను. ఈ ఖర్చు దగ్గర మాత్రం వెనకాడకండి. మైలేజీ కొంచెం తగ్గుతుంది, దానికి చేయగలిగింది లేదు.

15 ఏళ్లు దాటితే బండి తుక్కుకు ఇవ్వాల్సిందేనా?

మన రాష్ట్రంలో అట్లా లేదు. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోలు బండ్ల మీద నిషేధం అని వార్తల్లో వినేది ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానిది. మన దగ్గర 15 ఏళ్లు నిండాక ఆర్టీఓ ఆఫీసులో బండి చూపించి, ఫిట్‌గా ఉందనిపించుకుని, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఆ ఫీజు 5,000 రూపాయలు. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. ట్యాక్సులు వేరే. వింటేజ్ అనే ప్రత్యేక నంబరు 50 ఏళ్లు దాటిన బండ్లకే, మనవాటికి రాదు. పొల్యూషన్ సర్టిఫికెట్, కనీసం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఎప్పుడూ చేతిలో ఉండాలి.

బయట సెన్సర్లు కొని పెట్టించుకోవచ్చు కదా?

పెట్టించుకోండి. "పాతది పాతదిగానే ఉండాలి" అనే వాదన నాకు నచ్చదు. టైరు వాల్వు మూత స్థానంలో బిగించే ప్రెషర్ సెన్సర్లు నేను వాడుతున్నాను. వెనక పార్కింగ్ సెన్సర్లు కూడా వేయించాను, ఎందుకంటే మా వీధిలో చిన్నపిల్లలు ఉన్నారు, టాపు వేసి ఉంటే నాకు వెనక ఏమీ కనపడదు. కూలెంట్ తగ్గితే మోగే చిన్న అలారం కూడా మంచిది. కానీ డబ్బు తక్కువగా ఉంటే వరుస ఇది: ముందు టైర్లు, తరవాత బ్రేకులు, తరవాత సీటు బెల్టులు, ఆ తరవాతే ఏ సెన్సర్ అయినా. ఆడియో సిస్టమ్ గురించి నన్ను అడగొద్దు.

సీటు బెల్టు పట్టీ ఎండకు ఎండి అంచుల దగ్గర పీచులా లేస్తుంది, టాపు తీసే బండ్లలో ఇంకా ఎక్కువ. గట్టిగా ఒక్క గుంజు గుంజితే లాక్ అవ్వాలి. కాకపోతే అది అలంకారం కిందే లెక్క.

పిల్లలను ఎక్కించుకుంటారా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లకు నిజం చెప్పాలి. ఊళ్లో, ఆదివారం పొద్దున, బెల్టు పెట్టి, నలభై లోపు, మా అమ్మాయిని తిప్పుతాను. ఆమెకు పద్నాలుగేళ్లు. తిరుపతికి, బెంగళూరుకు కుటుంబంతో పోవాలంటే ఇంట్లో ఉన్న మామూలు కొత్త కారే. ఎయిర్‌బ్యాగ్ లేదు, ఏబీఎస్ లేదు, బోల్తా పడితే తల మీద రేకు కూడా లేదు. నేను ఎంత జాగ్రత్తగా నడిపినా ఎదుటివాడు తప్పు చేస్తే కాపాడేది నా నేర్పు కాదు, ఆ కారు నిర్మాణం. ఈ ఒక్క బండే ఉండి, చిన్నపిల్లలు ఉన్న ఇల్లయితే కొనవద్దనే చెప్తాను.

కొనేటప్పుడు ఏం చూడాలి?

పొద్దున్నే, చెప్పకుండా పోండి. బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీకోసం ముందే స్టార్ట్ చేసి పెట్టారు, ఇంకో రోజు వస్తామని చెప్పండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యే తీరులో సగం చరిత్ర తెలిసిపోతుంది. పైన చెప్పిన రెండు సెకన్ల బల్బు పరీక్ష అక్కడే చేయండి. ఆయిల్ మూత లోపల పెరుగు మీగడలా తెల్లగా ఉంటే కూలెంట్ ఆయిల్లో కలుస్తుండొచ్చు. టైమింగ్ బెల్టు (ఇంజిన్లో వాల్వులను పిస్టన్లతో లయగా నడిపేది) ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని, ఆ ఖర్చు ధరలో తగ్గించండి. బెల్టు కిలోమీటర్లకే కాదు వయసుకూ పోతుంది, తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి.

స్పేర్ పార్టులు, మెకానిక్?

ఇంజిన్ పార్టులు వెతికితే బెంగళూరులో దొరుకుతాయి. బాడీ పార్టులు దొరకవు, ఫైబర్ పని తెలిసినవాళ్ల చేత చేయించుకోవాలి. మెకానిక్‌గా లాప్‌టాప్ లేకపోయినా వినే ఓపిక ఉన్నవాణ్ని ఎంచుకోండి. "ఎక్కడ, ఎప్పుడు, చల్లగా ఉన్నప్పుడా వేడి మీదా?" అని ఎదురు అడిగేవాడైతే మంచివాడు. మీరూ ఒక నోటుబుక్కు పెట్టుకుని తేదీ, కిలోమీటర్లు, చేసిన పని రాసుకోండి. నాది ఇప్పుడు మూడో పుస్తకం.

రెండు మూడు నెలలు తీయకుండా పెడితే?

బ్యాటరీ మైనస్ వైరు విప్పండి. హ్యాండ్ బ్రేక్ వేయకండి, పట్టేస్తుంది. గేరులో పెట్టి చక్రానికి రాయి అడ్డం పెట్టండి. ఎలుకలు వైర్లు కొరకకుండా బానెట్ కింద వారానికోసారి చూడండి. తీసిన రోజు ఇల్లు దాటకముందే గేటు దగ్గర రెండుసార్లు బ్రేకు తొక్కి చూడండి.

ఇంకొకటి, ఇది పెట్టిన బండికే కాదు, రోజూ తిరిగేదానికీ. రాత్రి ఇంజిన్ కింద ఒక పాత అట్టపెట్టె విప్పి పరవండి. పొద్దున దాని మీద చుక్క పడి ఉంటే రంగు చూడండి. నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్. ఆకుపచ్చగా గానీ ఎర్రగా గానీ ఉండి, వేలికి జిగటగా తగిలితే కూలెంట్. చక్రం లోపలి వైపు లేత పసుపు చుక్క ఉంటే అది బ్రేకు ఆయిల్ కావచ్చు, ఆ బండి ఆ రోజు కదలకూడదు. ఏ రంగూ లేని నీళ్లయితే ఏసీ నీళ్లు, భయపడకండి. నేను అట్ట మీద తేదీ వేసి, చుక్క చుట్టూ పెన్నుతో గీత గీస్తాను. మరుసటి రోజు ఆ గీత దాటిందో లేదో చూస్తాను.